‘అధ్యయనంలో తేలింది’ అంటే చాలదు.. ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

ప్లేస్‌మెంట్ల సీజన్‌ మొదలైందంటే మన సంగతంతా మన ఫోన్‌కి తెలిసిపోతుంది. రాత్రి పన్నెండు దాకా మాక్‌ టెస్టులు రాస్తుంటే మధ్యలో బ్లూ లైట్‌ కళ్లద్దాల ప్రకటన వస్తుంది. ‘టెన్షన్‌ తగ్గడం ఎలా’ అని ఒక్కసారి వెతికితే చాలు.. ఒమేగా-3 క్యాప్సూల్స్, విటమిన్‌ గమ్మీలు, జ్ఞాపకశక్తి పెంచే పొడులు వరుస కడతాయి. అన్నిటి కిందా ఒకే మాట ఉంటుంది: ‘అధ్యయనంలో తేలింది’. ఆ మాట చూడగానే సగం నమ్మేస్తాం. ఎంతైనా సైన్స్‌ చదువుకున్నవాళ్లం కదా!

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. చాలాసార్లు ఎక్కడో ఒక అధ్యయనం నిజంగానే ఉంటుంది. కానీ అది మీ వయసువాళ్ల గురించి చెప్పిందా? మీరు కొనబోయే డబ్బా గురించి చెప్పిందా? ఆ ప్రశ్న మనం అడగం. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఇంటి నుంచి వచ్చే డబ్బుకి లెక్క ఉంటుంది, ఒత్తిడికి మాత్రం లెక్క ఉండదు. అలాంటప్పుడు పనికిరాని వస్తువు మీద పెట్టే ప్రతి వందా హాస్టల్‌ ఫీజులోంచో, భోజనంలోంచో తెగుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. కంటి డాక్టర్‌ దగ్గరికో, మానసిక వైద్యుల దగ్గరికో వెళ్లాల్సినవాళ్లు ఆ డబ్బాను నమ్ముకుని నెలల తరబడి వాయిదా వేస్తారు.

అందుకే కళ్లు, తిండి, మనసు.. ఈ మూడింటి మీద జరిగిన కొన్ని పెద్ద పరిశోధనలను ముందు పెట్టుకుని, ఒక ఆరోగ్య వార్తను ఎలా చదవాలో చూద్దాం. దీనికి ఎంబీబీఎస్‌ అక్కర్లేదు. బీటెక్, డిగ్రీలో చదివిన స్టాటిస్టిక్స్‌ సరిపోతుంది.

మీకు తెలిసిన పద్ధతే!

ఒక యాప్‌లో బటన్‌ రంగు మారిస్తే ఎక్కువమంది నొక్కుతారా అని తెలుసుకోవాలంటే ఏం చేస్తాం? వచ్చేవాళ్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పాత బటన్, ఇంకో గుంపుకి కొత్త బటన్‌ చూపిస్తాం. దాన్ని ఎ/బి టెస్ట్‌ అంటాం. వైద్యంలో దాని అన్నయ్యే ర్యాండమైజ్డ్‌ ట్రయల్‌. వయసులో కూడా అన్నయ్యే. వెబ్‌సైట్లు పుట్టడానికి చాలా ఏళ్ల ముందే డాక్టర్లు ఇలా పరీక్షించడం మొదలుపెట్టారు.

ఒక తేడా ఉంది. మనిషి బటన్‌ లాంటివాడు కాదు. ‘నాకు మందు ఇచ్చారు’ అనే నమ్మకంతోనే కొంత తేలికపడతాడు. అందుకని రెండో గుంపుకి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. దాన్నే ప్లసీబో అంటారు. ఎవరికి ఏది అందిందో రోగికీ, పరీక్షించే డాక్టరుకీ వీలైనంత వరకు తెలియనివ్వరు. ఇంత జాగ్రత్త ఎందుకో మొదటి ప్రశ్నలోనే అర్థమవుతుంది.

మొదటి ప్రశ్న: దేనితో పోల్చారు?

‘ఈ క్యాప్సూల్స్‌ వాడిన వందలో అరవై మందికి కళ్ల మంట తగ్గింది’ అని ఎవరైనా చెప్తే మీరేమంటారు? బాగానే పనిచేస్తోంది అనుకుంటారు. ఇప్పుడు అసలు కథ వినండి.

కళ్లు పొడిబారడం అనే సమస్యకు చేప నూనెలోని ఒమేగా-3 మంచిదని చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అమెరికాలో ‘డ్రీమ్‌’ అనే పేరుతో 535 మంది మీద ఏడాదిపాటు దీన్ని పరీక్షించారు. ఒక గుంపుకి రోజుకు 3,000 మిల్లీగ్రాముల ఒమేగా-3, ఇంకో గుంపుకి ఆలివ్‌ నూనె క్యాప్సూల్స్‌ ఇచ్చారు. ఫలితాలు 2018లో ‘న్యూ ఇంగ్లాండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌’లో వచ్చాయి. ఒమేగా-3 గుంపులో 61 శాతం మందికి లక్షణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి. ఆలివ్‌ నూనె గుంపులో? 54 శాతం మందికి! ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగా కూడా వచ్చి ఉండొచ్చని లెక్కలు చెప్పాయి. అంటే రెండో గుంపు లేకపోయి ఉంటే ఆ 61 శాతమే పెద్ద అక్షరాలతో హెడ్‌లైన్‌ అయ్యేది.

మనవాళ్లు ఎక్కువగా కొనే బ్లూ లైట్‌ కళ్లద్దాల సంగతీ ఇంతే. వాటి మీద జరిగిన 17 ట్రయల్స్‌ను కలిపి పరిశీలించిన కాక్రేన్‌ సమీక్ష 2023లో వెలువడింది. కంప్యూటర్‌ పనివల్ల వచ్చే కంటి అలసటను మామూలు అద్దాల కంటే ఇవి ఎక్కువగా తగ్గిస్తున్నట్టు స్వల్పకాలంలో కనిపించలేదని అది చెప్పింది. ఆ ట్రయల్స్‌ చిన్నవి, కొద్దిరోజుల నుంచి కొన్ని వారాల పాటు సాగినవి. కాబట్టి ‘ఎప్పటికీ పనికిరావు’ అని కొట్టిపారేయలేం. కానీ అదనంగా డబ్బు పెట్టడానికి తగిన రుజువు మాత్రం అందులో లేదు. పైగా పగటి వెలుతురులో ఉండే నీలి కాంతితో పోలిస్తే స్క్రీన్‌ నుంచి మన కంట్లో పడేది చాలా తక్కువ.

మరి సాయంత్రానికి కళ్లు ఎందుకు మండుతాయి? స్క్రీన్‌ని తదేకంగా చూసేటప్పుడు మనం రెప్ప వేయడం తగ్గిపోతుంది. కంటి మీది తడి ఆరిపోతుంది. దగ్గరి వస్తువు మీదే గంటల తరబడి చూపు నిలిపితే కంటి కండరాలు అలిసిపోతాయి. చాలామందికి సైట్‌ ఉండి కూడా తెలియదు, లేదా పాత పవర్‌తోనే నెట్టుకొస్తుంటారు. వీటికి విరుగుడు చవకే. మధ్యమధ్యలో లేచి దూరంగా చూడండి, రెప్పలు ఆడించండి, అక్షరాల సైజు పెంచుకోండి, ఫ్యాన్‌ గాలి నేరుగా కళ్లలోకి కొట్టకుండా చూసుకోండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోకి ఇరవై సెకన్లు చూడమనే సూత్రం వినే ఉంటారు. ఆ ఇరవైలు గుర్తుండటానికి వీలుగా ఉన్నాయి, అంతే. పద్దెనిమిదైనా ఇరవై అయిదైనా కొంపలంటుకోవు. ఆగి, దూరం చూడటం ముఖ్యం. వీటితో తగ్గకపోతే అద్దాలషాపు ప్రకటనను పక్కనపెట్టి కంటి పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి చూపు మందగించినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా, కంట్లో తీవ్రమైన నొప్పి వచ్చినా ఆ రోజే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి.

రెండో ప్రశ్న: ఎవరి మీద చేశారు?

‘కంటి చూపును కాపాడే విటమిన్‌ మాత్రలు’ అని ఆన్‌లైన్‌లో వెతికితే కుప్పలుగా కనిపిస్తాయి. కొన్నింటి మీద ‘ఆరెడ్స్‌’ అనే పేరు కూడా ఉంటుంది. అది ఉత్తుత్తి పేరు కాదు. అమెరికా ప్రభుత్వ నేషనల్‌ ఐ ఇన్‌స్టిట్యూట్‌ జరిపించిన చాలా పెద్ద ట్రయల్‌. విటమిన్‌ సి, ఇ, బీటా కెరోటిన్, జింక్, కాపర్‌ కలిపిన మోతాదు ఇస్తే, వయసుతో వచ్చే మాక్యులర్‌ డీజెనరేషన్‌ అనే రెటీనా జబ్బు ముదిరే ముప్పు అయిదేళ్లలో సుమారు 25 శాతం తగ్గిందని 2001లో ప్రకటించారు. కంటి వైద్యంలో అది నిజమైన విజయం.

ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి. ఎవరి మీద? అందులో పాల్గొన్నవాళ్ల వయసు 55 నుంచి 80 ఏళ్లు. మేలు జరిగింది కూడా అప్పటికే ఆ జబ్బు ఒక స్థాయికి చేరినవాళ్లకు. మీ అమ్మమ్మకో తాతయ్యకో ఆ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడగాల్సిన మందు అది. ఇరవై రెండేళ్ల కుర్రాడు ల్యాప్‌టాప్‌ ముందు కూర్చుంటున్నాడని వేసుకోవాల్సింది కాదు.

‘వేసుకుంటే మాత్రం పోయేదేముంది, విటమినే కదా’ అంటారేమో. ఫిన్లాండ్‌లో 29,133 మంది మగ పొగతాగరుల మీద ఒక ట్రయల్‌ జరిగింది. కూరగాయలు, పండ్లు ఎక్కువ తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ తక్కువగా కనిపిస్తోంది కాబట్టి, వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ని మాత్రగా ఇస్తే క్యాన్సర్‌ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితం చూసి అందరూ నిర్ఘాంతపోయారు. మాత్ర తీసుకున్న గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ 18 శాతం ఎక్కువగా వచ్చింది! క్యారెట్‌లో ఉన్నప్పుడు మంచిదైన పదార్థం పెద్ద మోతాదులో మాత్రగా మారి, పొగతాగేవాళ్ల ఒంట్లోకి వెళ్లేసరికి వేరే కథ నడిపింది. ఆ తర్వాత ఆరెడ్స్‌ రెండో విడత ట్రయల్‌లో బీటా కెరోటిన్‌ బదులు ల్యూటిన్, జియాజాంథిన్‌లను పరీక్షించి, 2013లో వాటినే సిఫార్సు చేశారు. సిగరెట్‌ అలవాటున్న మిత్రులకు ప్రత్యేకంగా చెప్తున్నా.. పాత ఫార్ములా డబ్బా ఏదైనా ఇంట్లో ఉంటే డాక్టర్‌కి చూపించకుండా ముట్టుకోకండి.

మూడో ప్రశ్న: ఏది కారణం, ఏది ఫలితం?

డిప్రెషన్‌ ఉన్నవాళ్లలో చాలామందికి విటమిన్‌ డి తక్కువగా ఉందని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. దాన్నుంచి ‘విటమిన్‌ డి వేసుకుంటే డిప్రెషన్‌ రాదు’ అనే హెడ్‌లైన్‌కి ఒక్క అడుగే దూరం. కానీ ఆ అడుగు కిందే గొయ్యి ఉంది. మనసు బాగాలేని మనిషి గదిలోంచి బయటికి రాడు. ఎండ తగలదు. సరిగ్గా తినడు. అప్పుడు విటమిన్‌ డి తగ్గడం డిప్రెషన్‌కి ఫలితం అవుతుంది గానీ, కారణం కాదు. స్టాటిస్టిక్స్‌ క్లాసులో కోరిలేషన్, కాజేషన్‌ ఒకటి కాదని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం. అది పనికొచ్చే చోటు ఇదే.

తేల్చుకోవాలంటే ట్రయల్‌ చేయాల్సిందే. అమెరికాలో 50 ఏళ్లు, ఆపైబడిన 18,353 మందికి అయిదేళ్లకు పైగా విటమిన్‌ డి లేదా ప్లసీబో ఇచ్చి చూశారు. డిప్రెషన్‌ వచ్చే ముప్పులో తేడా లేదని 2020లో ప్రకటించారు. ఆ ట్రయల్‌లోనే ఒమేగా-3ని కూడా పరీక్షించారు. అది డిప్రెషన్‌ని ఆపలేదు సరికదా, ముప్పు స్వల్పంగా ఎక్కువైనట్టు కనిపించింది. యూరప్‌లో అధిక బరువున్న 1,025 మంది మీద జరిగిన మరో ట్రయల్‌లోనూ పోషకాలన్నీ కలిపిన సప్లిమెంట్లు డిప్రెషన్‌ని నివారించలేకపోయాయి. అది 2019 నాటి సంగతి.

‘ఆ అమెరికా ట్రయల్‌ 50 దాటినవాళ్ల మీద కదా, మాకెలా వర్తిస్తుంది?’ అని మీరు ఇప్పుడు అడిగితే చాలా సంతోషిస్తాను. సరైన ప్రశ్న. ఇరవైల్లో ఉన్నవాళ్ల గురించి ఆ ట్రయల్‌ నేరుగా ఏమీ చెప్పదు. కాకపోతే మీకు ఆ డబ్బా అమ్మేవాళ్ల దగ్గరా అంతకంటే పెద్ద రుజువు ఉండాలి కదా! అది చూపించాల్సిన బాధ్యత వాళ్లది. ఇంకో మాట. మీ ఒంట్లో విటమిన్‌ డి నిజంగానే తక్కువగా ఉందని పరీక్షలో తేలి, డాక్టర్‌ రాసిస్తే తప్పకుండా వాడండి. లోటు ఉన్నవాళ్లకు పూడ్చడం వేరు, లోటు లేనివాళ్లకు మనసు బాగవుతుందని అమ్మడం వేరు.

తిండికీ మనసుకీ సంబంధమే లేదా?

ఎందుకు లేదు? ఉంది. దానికి చరిత్రలోనే గట్టి రుజువుంది. వందేళ్ల కిందట అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అనే జబ్బు వేలమందిని పట్టి పీడించింది. చర్మం పగలడం, విరేచనాలు, చివరికి మతి తప్పడం దాని లక్షణాలు. దాంతో మానసిక ఆస్పత్రుల్లో చేరినవాళ్లూ ఎందరో. అంటువ్యాధి అనుకున్నారంతా. 1914లో ప్రభుత్వం ఆ పని అప్పగించిన జోసెఫ్‌ గోల్డ్‌బెర్గర్‌ అనే డాక్టర్‌ ఒక చిన్న విషయం గమనించాడు. ఆ సంస్థల్లో ఉన్నవాళ్లకే తప్ప అక్కడ పనిచేసే సిబ్బందికి ఆ జబ్బు రావడం లేదు. అంటువ్యాధి అయితే సిబ్బందిని వదులుతుందా? తేడా అంతా పళ్లెంలో ఉందని ఆయన పట్టుకున్నాడు. మొక్కజొన్నే దిక్కయినవాళ్లకు నియాసిన్‌ అనే బి విటమిన్‌ అందడం లేదని 1937లో స్పష్టమైంది. ఆ విటమిన్‌ ఇస్తే మతి కూడా కుదుటపడింది.

ఇది మనకు దూరపు కథేం కాదు. మన దక్కన్‌ పీఠభూమిలో జొన్నలే ప్రధాన ఆహారమైన పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించేది. సి.గోపాలన్, ఎస్‌.జి.శ్రీకాంతియా దీనిపై పరిశోధించి, 1960లో ‘లాన్సెట్‌’లో ప్రచురించారు. వాళ్లు పనిచేసిన సంస్థే ఇవాళ హైదరాబాద్‌ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. జొన్నది తప్పు కాదు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం ఏవీ అందక జొన్న ఒక్కటే మిగలడం అసలు సమస్య. రోజూ నూడుల్స్, టీలతో కడుపు నింపుకునే హాస్టల్‌ మిత్రులు ఈ పాఠాన్ని కొంచెం తమ వైపు తిప్పుకుని చూసుకోవచ్చు.

ఇవాళ్టికీ వర్తించే ఉదాహరణ బి12. గుడ్డు, మాంసం, పాలు తీసుకోనివాళ్లలో ఇది తగ్గే అవకాశం ఎక్కువ. బాగా తగ్గితే నీరసం, తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు రావచ్చు. అరుదుగా కంటి నరం కూడా దెబ్బతింటుంది. కన్ను, తిండి, మనసు ఒక్క విటమిన్‌ దగ్గరే కలుస్తాయన్నమాట. దీన్ని రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు.

మంచి భోజనంతో డిప్రెషన్‌ తగ్గుతుందా అన్నదాన్ని కూడా పరీక్షించారు. ఆస్ట్రేలియాలో ఫెలిస్‌ జాకా బృందం డిప్రెషన్‌ ఉన్న 67 మందిని తీసుకుని, సగం మందికి 12 వారాలపాటు డైటీషియన్‌ సాయంతో పప్పులు, కూరగాయలు, పండ్లు, చేపలు, గింజలు ఉండే ఆహారం అలవాటు చేసింది. మిగతావాళ్లతో ఎవరో ఒకరు కూర్చుని కబుర్లు చెప్పేవారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం మొదటి గుంపులో 32 శాతం మంది, రెండో గుంపులో 8 శాతం మంది ఆ జబ్బు లక్షణాల నుంచి దాదాపు బయటపడ్డారు. ఆశ కలిగించే ఫలితమే. కానీ నాకు నచ్చిన వార్త కాబట్టి ప్రశ్నలు మానేస్తే ఎలా? పాల్గొన్నది 67 మంది. ఏం తింటున్నారో వాళ్లకు తెలుసు కాబట్టి ప్లసీబో ప్రభావాన్ని విడదీయలేం. ఇంకా ముఖ్యం.. వాళ్లలో చాలామంది అప్పటికే మందులో, కౌన్సెలింగో తీసుకుంటున్నారు. ఆహారం చికిత్సకు తోడుగా నిలిచింది. చికిత్స స్థానంలో కూర్చోలేదు.

నాలుగో ప్రశ్న: ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?

‘ఒకడు మంచిదంటాడు, ఇంకొకడు కాదంటాడు.. ఈ సైంటిస్టులకే తెలీదు’ అని విసుక్కోవడం చాలాసార్లు విన్నాను. విటమిన్‌ ఎ కథ చూస్తే ఆ విసుగు పోతుంది. ఈ విటమిన్‌ లోపిస్తే పిల్లలకు రేచీకటి వస్తుంది, ముదిరితే కళ్లే పోతాయి. మన దేశంలో 1970 నుంచే చిన్నపిల్లలకు దీని మోతాదులు ఇచ్చే కార్యక్రమం నడుస్తోంది. ఆల్ఫ్రెడ్‌ సోమర్‌ అనే కంటి డాక్టర్‌ ఇండొనేషియాలో పనిచేస్తూ, ఇది కళ్లనే కాదు ప్రాణాలనూ కాపాడుతోందని గమనించాడు. ఆయన బృందం అచే ప్రాంతంలో చేసిన ట్రయల్‌లో పిల్లల మరణాలు 34 శాతం తగ్గాయి. అది 1986.

తర్వాత మన దగ్గర పరీక్షించారు. 1990లో రెండు ట్రయల్స్‌ ఫలితాలు వచ్చాయి. రెండింటిలోనూ సుమారు 15 వేలమంది చొప్పున పిల్లలు. తమిళనాడులో మరణాలు సగానికి పైగా తగ్గాయి. హైదరాబాద్‌ పరిసరాల్లో జాతీయ పోషకాహార సంస్థ చేసిన ట్రయల్‌లో తేడా కనిపించలేదు! ఎవరు తప్పు? ఎవరూ కాదు. తమిళనాడులో చిన్న మోతాదు ప్రతి వారం ఇచ్చారు. ఇక్కడ పెద్ద మోతాదు ఆరు నెలలకోసారి ఇచ్చారు. పిల్లల ఆరోగ్యం, ఇళ్లకు వచ్చి చూసే సిబ్బంది, చుట్టుపక్కల వైద్యం.. ఇవన్నీ ఊరికో రకంగా ఉంటాయి. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షలమంది పిల్లలతో జరిగిన ‘దేవ్‌టా’ ట్రయల్‌ 2013లో వెలువడింది. అందులో కనిపించిన తగ్గుదల 4 శాతమే. అది కూడా గట్టిగా చెప్పలేని తేడా. ప్రపంచవ్యాప్తంగా జరిగిన ట్రయల్స్‌ అన్నీ కలిపి లెక్కేసిన కాక్రేన్‌ సమీక్షలో మరణాలు సుమారు 12 శాతం తగ్గినట్టు వచ్చింది.

ఒక్క ట్రయల్‌ ఒక్క క్రికెట్‌ మ్యాచ్‌ లాంటిది. జట్టు ఎలాంటిదో చెప్పాలంటే సీజన్‌ మొత్తం చూడాలి. అందుకే ‘కొత్త అధ్యయనం’ అనే మాట కంటే ‘అన్ని అధ్యయనాలనూ కలిపి చూసిన సమీక్ష’ అనే మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి.

వాయిదా వేయకూడనిది ఒకటుంది

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట. రిజెక్షన్‌ మెయిల్‌ వచ్చిన రోజు బాధపడటం జబ్బు కాదు. నాలుగు రోజులు దిగులుగా ఉండి, స్నేహితులతో టీ తాగి తేరుకుంటాం. కానీ రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే, నిద్ర, ఆకలి తారుమారైతే, ‘నేను దేనికీ పనికిరాను’ అనే ఆలోచన తిష్ఠ వేస్తే డాక్టర్‌ని కలవాల్సిన సమయం వచ్చినట్టే. అలాంటప్పుడు పొడులు, గమ్మీలు కొని ‘ఇంకో నెల చూద్దాం’ అనుకోవడమే ప్రమాదం. డిప్రెషన్‌కి మందులున్నాయి, మాటల చికిత్స ఉంది. అవి ప్లసీబోతో పోల్చి పరీక్షించి నిలబడినవే. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు ఏ రీల్‌ చూసో వాటిని సొంతంగా ఆపేయకండి.

ఎవరికి చెప్పాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్‌ సేవకు 14416 నంబర్‌తో ఫోన్‌ చేయొచ్చు. ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. పక్కగదిలో ఉన్నవాళ్లను లేపైనా సరే, వెంటనే చెప్పండి. మీ రూమ్మేట్‌ అలా మాట్లాడితే ‘ఊరుకోరా, అందరికీ ఉండేదే’ అనకుండా కూర్చుని వినండి, వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇదే నైపుణ్యం ఉద్యోగానికీ..

ఇది కెరియర్‌ పేజీ కాబట్టి ఆ సంగతీ చెప్పుకుందాం. ‘దేనితో పోల్చారు, ఎవరి డేటా, ఏది కారణం, మళ్లీ చేస్తే అదే వస్తుందా’.. ఈ నాలుగు ప్రశ్నలే డేటా ఉద్యోగాలకు పునాది. 2016లో గూగుల్‌ పరిశోధకులు రెటీనా ఫొటోలు చూసి డయాబెటిస్‌ వల్ల వచ్చే కంటి జబ్బును గుర్తించే ఏఐ నమూనాను ప్రకటించారు. దాని శిక్షణకు వాడిన లక్షకు పైగా ఫొటోల్లో మన దేశంలోని ఆస్పత్రులవీ ఉన్నాయి. కచ్చితత్వం అద్భుతం. అదే పద్ధతిని థాయ్‌లాండ్‌ క్లినిక్కుల్లోకి తీసుకెళ్తే, అక్కడి మసక వెలుతురులో తీసిన ఫొటోల్లో ఐదో వంతుకు పైగా నాణ్యత చాలదని సిస్టమ్‌ తిప్పికొట్టిందని 2020లో వాళ్లే రాశారు. ఇంటర్వ్యూలో ‘నా మోడల్‌ అక్యురసీ 98 శాతం’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ‘ఏ డేటా మీద, ఎలాంటి పరిస్థితుల్లో’ అని తనే చెప్పేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మీరుండండి.

ఫార్మసీ, లైఫ్‌ సైన్సెస్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌ చదివినవాళ్లకు క్లినికల్‌ డేటా మేనేజ్‌మెంట్, బయోస్టాటిస్టిక్స్, స్టాటిస్టికల్‌ ప్రోగ్రామింగ్‌లాంటి దారులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నేర్చుకోవడానికి ముందే ఫీజు కట్టి కోర్సులో చేరక్కర్లేదు. మన దేశంలో జరిగే ట్రయల్స్‌ వివరాలు క్లినికల్‌ ట్రయల్స్‌ రిజిస్ట్రీ-ఇండియా వెబ్‌సైట్‌లో ఉంటాయి. 2009 నుంచి అక్కడ నమోదు తప్పనిసరి. పరిశోధన పత్రాల సారాంశాలు పబ్‌మెడ్‌లో దొరుకుతాయి. రెండూ ఉచితమే. వారానికో ఆరోగ్య వార్త తీసుకుని, దాని అసలు పత్రం వెతికి, నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక పేజీలో రాయండి. పది వారాలకు మీ దగ్గర పది పేజీలుంటాయి. రెజ్యూమెలో ‘అనలిటికల్‌ స్కిల్స్‌’ అని రాసుకుని ఊరుకోవడం కంటే అవి చూపించడం నయం.

ఈసారి ఏదైనా డబ్బా కొనాలనిపిస్తే ముందు దాని లేబుల్‌ చదవండి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం హెల్త్‌ సప్లిమెంట్ల మీద ‘వైద్య అవసరాలకు కాదు’ అనే హెచ్చరిక ఇంగ్లిష్‌లో ఉండాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో అధ్యయనం గురించి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఈ హెచ్చరిక! రెండూ చదివాక కూడా కొనాలనిపిస్తే మీ ఇష్టం. నన్నడిగితే ఆ డబ్బుతో ముందు కంటి పరీక్ష చేయించుకోండి. మిగిలినదాంతో మెస్‌ భోజనంలోకి రోజూ ఒక గుడ్డో, కప్పు పెరుగో, ఒక అరటిపండో కలుపుకోండి. మనసు బాగాలేదనిపిస్తే మాత్రం ఏ డబ్బా కోసమూ చూడకుండా ఫోన్‌ తీసి 14416 నొక్కండి.